నీడల లోకంలో మన లెవెల్ చెల్లదు

2024 జూన్ 21న ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌కి 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ' అనే డీఎల్‌సీ (ఆటకు తర్వాత జోడించే అనుబంధం) విడుదలైంది. మూడు రోజుల్లో యాభై లక్షల కాపీలు పోయాయని ప్రచురణకర్త బండాయ్ నామ్కో ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో రివ్యూలు 'మిక్స్‌డ్' దగ్గరికి దిగిపోయాయి. తిట్టినవాళ్ళు ప్రధానంగా రెండు మాటలన్నారు. ఒకటి, పీసీలో ఫ్రేములు తడబడుతున్నాయని. దానికి ఎదురు చెప్పడానికేమీ లేదు. రెండోది, ఇది మరీ కష్టంగా ఉందని, రెండు దెబ్బలకే చచ్చిపోతున్నామని.

ఈ రెండో మాట మీద జనం రెండు జట్లయ్యారు. కంపెనీ కావాలనే కక్షగట్టి కష్టం పెంచిందని ఒక జట్టు, చేతకానివాళ్ళే ఏడుస్తారని రెండో జట్టు. ఇప్పటికీ ఏ చర్చలోనైనా ఈ రెండు పాటలే వినపడతాయి. నా లెక్కలో ఇద్దరిదీ తప్పే. ఇందులో చాలామంది ఓడింది బాస్ (దారికాచే పెద్ద శత్రువు) చేతిలో కాదు, ఏరుకోవాల్సినవి ఏరుకోకపోవడం వల్ల. ఏరుకోవడమే అసలు పని అని గట్టిగా చెప్పని తప్పు మాత్రం ఆట తయారుచేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌దే.

ముందు లెవెళ్ళ లెక్క చూద్దాం, ఎందుకంటే మిగతా వాదమంతా దాని మీదే నిలబడింది.

ఎల్డెన్ రింగ్‌లో ప్రాణం పెంచేది విగర్. విగర్ 40 దగ్గర హెచ్‌పీ (ప్రాణం లెక్క) 1450. 60 దగ్గర 1900. అక్కణ్ణుంచి 99 దాకా, అంటే ఇంకో 39 పాయింట్లు పోస్తే, వచ్చేది 2100. ముప్ఫై తొమ్మిది లెవెళ్ళకు రెండు వందలు. ఇక ఖర్చు సంగతి. 150వ లెవెల్ నుంచి 151కి ఎక్కాలంటే లక్షా యాభై మూడు వేల పైచిలుకు రూన్లు (శత్రువుల్ని చంపితే వచ్చే నాణేల్లాంటివి) కావాలి. రూన్లకు కరువొచ్చినప్పుడు అందరూ పరిగెత్తే చోటు మోగ్విన్ ప్యాలెస్. ప్యాలెస్ అప్రోచ్ లెడ్జ్‌రోడ్ గ్రేస్ (ఆటలో విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర నిలబడి లోయ అవతలున్న రాక్షస పక్షిని బాణంతో కొడితే, అది మన మీదికి పరుగెత్తుకొచ్చి లోయలో పడి చస్తుంది. గోల్డ్ స్కారబ్ తాయెత్తు లేకపోతే పక్షికి పదకొండు వేల చిల్లర. అంటే ఒక్క లెవెల్‌కి పద్నాలుగు పక్షులు. ఆ లెవెల్‌ని 60 దాటిన విగర్‌లో పోస్తే పెరిగేది ఐదారు హెచ్‌పీ. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

ఇప్పుడు డీఎల్‌సీ చేసేవాళ్ళ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. ఆట వచ్చి రెండేళ్ళు దాటింది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళలో 110 లెవెల్ వాడున్నాడు, 150 వాడున్నాడు, పక్షుల్ని చంపుకుంటూ 300 దాటినవాడూ ఉన్నాడు. పాత నిచ్చెననే పైకి పొడిగిస్తే మొదటివాడు గుమ్మంలోనే పడిపోతాడు, చివరివాడికి బాసులు చీమలైపోతారు. అందుకని పాత నిచ్చెనను గోడకు ఆనించి పెట్టేసి కొత్తది వేశారు. దాని పేరు స్కాడుట్రీ బ్లెస్సింగ్.

పని చేసే తీరు చిన్నదే. ల్యాండ్ ఆఫ్ షాడో అంతటా యాభై స్కాడుట్రీ ముక్కలు చల్లి ఉంటాయి. గ్రేస్ దగ్గర కూర్చుని వాటిని కలుపుకుంటే బ్లెస్సింగ్ స్థాయి పెరుగుతుంది. మొత్తం ఇరవై స్థాయిలు. మొదటి రెండింటికి ఒక్కో ముక్క చాలు, తర్వాత రెండేసి, పైకి వెళ్ళేకొద్దీ మూడేసి. ఇరవైకి చేరితే మనం కొట్టే దెబ్బ దాదాపు రెట్టింపవుతుంది, మనకు తగిలేది దాదాపు సగానికి పడిపోతుంది. ఇది ఆ కొత్త నేల మీదే పనిచేస్తుంది, పాత ఆటలోకి తిరిగొస్తే ఏ ప్రభావమూ ఉండదు. దీనికి తోడు రివియర్డ్ స్పిరిట్ యాష్ అని ఇంకో ఇరవై ఐదు ఉంటాయి. అవి మనం పిలిచే ఆత్మలకూ టోరెంట్ గుర్రానికీ పది స్థాయిల దాకా బలమిస్తాయి. ఆత్మల్ని పిలవనివాళ్ళకు వాటితో పెద్ద పనిలేదు.

పక్షుల లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. ముక్కలుండే శిలువల్లో ఒకదాని దగ్గరికి గుర్రం మీద వెళ్ళి ఒక ముక్క ఏరుకోవడానికి మూడు నిమిషాలు. మొదట్లో ఆ ఒక్క ముక్క ఇచ్చే లాభం పది పదిహేను మామూలు లెవెళ్ళు ఇవ్వలేవు. 300 లెవెల్‌తో వచ్చి బ్లెస్సింగ్ సున్నా పెట్టుకున్నవాడికంటే 130 లెవెల్‌తో బ్లెస్సింగ్ పది ఉన్నవాడు హాయిగా ఆడతాడు. "నాది 200 లెవెల్, అయినా రెండు దెబ్బలకే పోతున్నాను" అన్నవాళ్ళను మొదట అడగాల్సిన ప్రశ్న బిల్డ్ (పాయింట్లు, ఆయుధాల కూర్పు) ఏమిటని కాదు, బ్లెస్సింగ్ ఎంత అని. తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా ఆ రోజుల్లో సలహాలు మాత్రం డిఫెన్స్ తాయెత్తుల దగ్గర మొదలై ఆయుధాల దగ్గర ముగిసేవి.

విడుదలైన ఐదు రోజులకు, జూన్ 26న, 1.12.2 కాలిబ్రేషన్ (బలాబలాలు సర్దే అప్‌డేట్) వచ్చింది. బ్లెస్సింగ్ మొదటి సగం స్థాయిల్లో బలం ఎక్కువ పెరిగేలా, రెండో సగంలో నిదానంగా పెరిగేలా, ఆఖరి స్థాయిలో కొంచెం అదనంగా ఉండేలా వంపు మార్చారు. దీన్ని చాలామంది కంపెనీ కష్టం తగ్గించడం కింద చూశారు. నాకు మాత్రం అది ఒప్పుకోలులా కనపడింది. ముక్కలు తక్కువ ఏరేవాళ్ళే ఎక్కువని వాళ్ళకు అర్థమైంది. కాబట్టి తక్కువ ముక్కలకే ఎక్కువ ఫలం ఇచ్చారు. జబ్బుకు మందు వెయ్యకుండా జ్వరం మాత్ర ఇచ్చినట్టు. జబ్బు సంగతి కాసేపట్లో చెబుతాను. అసలు లోపలికి ఎలా రావాలో తెలియక బయటే ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందు వాళ్ళ సంగతి.

గుమ్మం తెరుచుకోవాలంటే పాత ఆటలో ఇద్దరు బాసుల్ని చంపి ఉండాలి. స్టార్‌స్కర్జ్ రాడాన్, మోగ్. రాడాన్ కోసం రెడ్‌మేన్ కోటలో ఉత్సవం మొదలవ్వాలి. ఆల్టస్ ప్లాటోలో ఒక గ్రేస్ తాకినా మొదలవుతుంది, రాన్నీ అనే పాత్ర క్వెస్ట్ (కథా పని) కొంత దూరం నడిపినా మొదలవుతుంది. మోగ్ దగ్గరికి రెండు దారులు. దూరపు దారి హాలిగ్‌ట్రీ పతకం రెండు సగాలూ సంపాదించి కాన్సెక్రేటెడ్ స్నోఫీల్డ్ చేరి, దాని పడమటి వైపున్న వేగేట్ (వేరే చోటికి చేర్చే మాయద్వారం) పట్టుకోవడం. దగ్గరి దారి వారే అనే తెల్లముసుగు మనిషి. గాడ్రిక్‌ని చంపి, రౌండ్‌టేబుల్‌లో రెండు వేళ్ళను కలిసొచ్చాక, లియర్నియా రోజ్ చర్చిలో ఇతను ఉంటాడు. నెత్తుటి వేళ్ళు ఇచ్చి మూడుసార్లు వేరేవాళ్ళ లోకం మీద దాడి చెయ్యమంటాడు. గెలవక్కర్లేదు, దాడి చేస్తే చాలు. ఆన్‌లైన్ గొడవ వద్దనుకుంటే ఆల్టస్‌లోని రైత్‌బ్లడ్ శిథిలాల్లో ఎర్ర గుర్తు తాకి మాగ్నస్ అనే కంప్యూటర్ పాత్రను ఓడిస్తే సరిపోతుంది. తర్వాత ఆ తెల్లముసుగు మనిషి ఇచ్చిన గుడ్డను ఒక మెయిడెన్ రక్తంలో తడపాలి. ఆట మొట్టమొదట కళ్ళు తెరిచిన చాపెల్‌కి ఫోర్ బెల్‌ఫ్రీస్ నుంచి తిరిగి వెళితే అక్కడ చనిపోయి ఉన్న మెయిడెన్ దగ్గర ఆ పని అయిపోతుంది. గుడ్డ తిరిగి ఇస్తే పతకం వస్తుంది, అది వాడితే నేరుగా మోగ్విన్ ప్యాలెస్.

మోగ్‌తో వచ్చే ప్రధాన చిక్కు సగం ప్రాణం దగ్గర పడే శాపం. మూడు అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాత మన రక్తం తోడి తన ప్రాణం పెంచుకుంటాడు. తప్పుకోవడానికి వీల్లేదు, తట్టుకోవాలి. ఆల్టస్‌లోని సెకండ్ చర్చ్ ఆఫ్ మరికా దగ్గర ఎలియనోరాను ఓడిస్తే దొరికే ప్యూరిఫైయింగ్ క్రిస్టల్ టియర్‌ని ఫిజిక్ ఫ్లాస్క్‌లో (కావాల్సిన మందులు కలుపుకునే సీసాలో) కలుపుకుని, మూడు అంకెలూ అయ్యాక, శాపం పడే ముందు తాగితే చాలా భాగం దెబ్బ తగ్గుతుంది. ఫైట్ మొదట్లోనే తాగేస్తే వృథా, శాపం పడే సమయానికి దాని బలం అయిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. లేన్‌డెల్ కింది మురుగుకాలువల్లో దొరికే మోగ్స్ షాకిల్ మొదటి దశలో అతన్ని కాసేపు నేలకు కట్టేస్తుంది, అది కూడా జేబులో ఉంటే మంచిదే.

మోగ్ చచ్చాక ఆ గుడ్డు లాంటి గూట్లోంచి వేలాడే ఎండిన చేతిని తాకితే కొత్త నేల. తాకే ముందు నాలుగు పనులు: విగర్ 60 చేసుకోండి (చాలకపోతే రాయా లుకారియాలో రెన్నాలాకు లార్వల్ టియర్ ఇచ్చి పాయింట్లు మళ్ళీ సర్దుకోవచ్చు), ప్రాణం, మంత్రశక్తి నింపే ఫ్లాస్కులు పద్నాలుగు ఉండాలి, వాటి బలం +12 ఉండాలి, ఆయుధం ఆఖరి మెట్టు మీద ఉండాలి. 

సరే, లోపలికొచ్చాం. గ్రేవ్‌సైట్ ప్లెయిన్. ఇక్కడే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ పాత అలవాటు కొద్దీ ఒక వల పన్నింది. మొదలుపెట్టిన చోటికి కూతవేటు దూరంలో ఒక చిన్న సమాధి గది ఉంటుంది, వెస్టర్న్ నేమ్‌లెస్ మాసోలియం. లోపల బ్లాక్‌గాల్ నైట్. బ్లెస్సింగ్ సున్నాతో అతని ముందుకు వెళితే ఒకటి రెండు దెబ్బలకే కథ ముగుస్తుంది. పాత ఆటలో గుమ్మం దగ్గరున్న ట్రీ సెంటినెల్ చెప్పిన పాఠమే ఇది, 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని. తేడా ఏమిటంటే ట్రీ సెంటినెల్ ముందు నిలబడ్డవాడికి తను కొత్తవాడినన్న స్పృహ ఉంటుంది. ఇక్కడికి వచ్చినవాడు మోగ్‌ని చంపి వచ్చాడు. తను కొత్తవాడినని ఒప్పుకోవడానికి మనసొప్పదు.

అందుకే నేను చెప్పే క్రమం ఒకటే. లోపలికి అడుగుపెట్టాక మొదటి గంట ఏ బాస్ జోలికీ వెళ్ళొద్దు. గుర్రమెక్కి మిక్వెల్లా (ఈ కథకు మూలమైన దేవపుత్రుడు) శిలువలు ఎక్కడున్నాయో చూసుకుంటూ తిరగండి. శిలువలు దూరం నుంచే బంగారు వెలుగుతో కనపడతాయి, చాలావాటి పాదం దగ్గర ముక్క ఉంటుంది. దేవత మరికా విగ్రహమున్న చర్చిలు వదలొద్దు. ఈ మొదటి మైదానమూ దాని చుట్టుపక్కలా తిరిగితే ఆరు ముక్కలు ఖాయం. ఆరు ముక్కలంటే నాలుగో స్థాయి. నాలుగో స్థాయితో రెల్లానా అనే బాస్ దగ్గరికి వెళ్ళడానికీ, సున్నాతో వెళ్ళడానికీ మధ్య తేడా ఏమిటో రెండూ చేసి చూస్తే తెలుస్తుంది.

రెల్లానా పేరు వచ్చింది కాబట్టి ఆమె దగ్గర కాస్త ఆగుదాం. క్యాజిల్ ఎన్సిస్ చివర ఉంటుంది, రెండు చేతుల్లో రెండు కత్తులు. మొదటి రోజుల్లో అందరి నోటా 'అన్యాయం' అనిపించుకుంది ఈమే. సగం ప్రాణం తగ్గాక ఒక కత్తికి మంత్రం, ఇంకోదానికి మంట అంటుకుంటాయి. ఆపైన ఆకాశంలోకి లేచి రెండు చంద్రుళ్ళను తెచ్చి నేలకేసి కొడుతుంది. చూసినవాళ్ళు భయపడి పక్కకు దొర్లుతారు. దొర్లితే చస్తారు, ఎందుకంటే నేల మీద ఉంగరంలా పాకే అల దొర్లేవాడి కాళ్ళ కిందికే వస్తుంది. చెయ్యాల్సింది దూకడం. ఆమె నేలను మూడుసార్లు కొడుతుంది. ఒక్కో దెబ్బ నేలను తాకే క్షణానికి ఒక్కో దూకు. మూడు దూకులు సరిగ్గా పడితే ఒక్క హెచ్‌పీ కూడా పోదు, పైగా మూడోదాని తర్వాత కొట్టడానికి మనకు ఖాళీ దొరుకుతుంది. ఆటలో అతి భయంకరంగా కనపడే దాడుల్లో అతి తేలిగ్గా తప్పించుకోగలిగేది ఇదే. అయితే ఆ మూడు దూకులూ నేర్చుకోవడానికి ఒకటి రెండు తప్పులు చేసే వీలుండాలి. ఒక్క తప్పుకే చచ్చేవాడు ఎప్పటికీ నేర్చుకోలేడు. బ్లెస్సింగ్ ఇచ్చేది ఆ వీలే. అది చేతకాని వాళ్ళకిచ్చే ఊతకర్ర కాదు, నేర్చుకునేవాళ్ళకిచ్చే గడువు. 'ముక్కలు ఏరకుండా ఆడితేనే మగతనం' అనే జట్టుకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

అన్నట్టు, రెల్లానాను చంపకుండానే ముందుకు పోవచ్చు. కోటను పక్కన పెట్టి స్కాడు ఆల్టస్‌కి ఎక్కే దారి వేరే ఉంది. అక్కడ తిరిగి ముక్కలు ఏరుకుని వెనక్కొచ్చి ఆమెతో తేల్చుకోవచ్చు. బాస్ దగ్గర గోడకు తల కొట్టుకునే ముందు చుట్టూ నాలుగు దిక్కులూ చూడమని ఆట ఈ విధంగా చెబుతూనే ఉంది.

ఇక జబ్బు. ముక్కలు దాచిన తీరు.

పాత ఆటలో ఫ్లాస్కులు పెంచే గోల్డెన్ సీడ్ ఎక్కడ ఉంటుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. దారి పక్కన బంగారు రంగులో మెరిసే చిన్న మొక్క కనపడితే దాని కింద ఉంటుంది. సేక్రెడ్ టియర్ కావాలంటే చర్చి వెతుక్కోవాలి. రెండు గుర్తులు, రెండు వస్తువులు, తిరకాసు లేదు. స్కాడుట్రీ ముక్కలకు వచ్చేసరికి శిలువలు, విగ్రహాలు సరే, వాటికి గుర్తులున్నాయి. మిగిలినవాటి సంగతే చూడండి. కొన్ని, తల మీద కుండ ఎత్తుకుని నిలబడ్డ నీడ మనుషుల దగ్గర ఉంటాయి. వాడు మన జోలికి రాడు, కొట్టడు, అరవడు. మ్యాపులో గుర్తుండదు. చీకటి మూలన పొద పక్కన నిలబడి ఉంటాడు. గుర్రం మీద దౌడు తీస్తుంటే పక్కనుంచే వెళ్ళిపోయినా చూడం. ఇంకొన్ని హిప్పోల కడుపులో ఉంటాయి. షాడో కీప్ అనే కోట ముఖద్వారం దగ్గరి గోల్డెన్ హిప్పోపొటమస్ అయితే బాస్ కాబట్టి దాన్ని ఎవరూ తప్పించుకోరు, చస్తే రెండు ముక్కలిస్తుంది. నీళ్ళలో మామూలు జంతువుల్లా తిరిగే చిన్న హిప్పోల సంగతి అది కాదు. వాటినీ అడవిలో ఎదురయ్యే ఇంకో జంతువనుకుని పక్కనుంచి తప్పుకుపోతాం. బలమైన జంతువును అనవసరంగా కదపొద్దని ఈ ఆటే మనకు రెండేళ్ళు నేర్పింది మరి.

ఇంకా పెద్ద తప్పు, లెక్క చూపించకపోవడం. ఏ ప్రాంతంలో ఎన్ని ముక్కలున్నాయి, మనం ఎన్ని ఏరాం అన్నది ఆటలో ఎక్కడా ఉండదు. ఇవి అలంకారానికో సరదాకో ఏరే వస్తువులైతే ఆ దాపరికం బాగానే ఉండేది. కానీ ఇక్కడ ముక్కే లెవెల్. లెవెల్ ఎంత పెరగడానికి వీలుందో దాచడం పెద్ద వింత. పైగా పై స్థాయిలకు మూడేసి ముక్కలు కావాలి కాబట్టి, అరగంట కొండలెక్కి దిగి సంపాదించిన ఒక్క ముక్కను గ్రేస్ దగ్గరికి తెస్తే 'ఇంకా రెండు కావాలి' అని తలుపు వేసేస్తుంది. ఆ నిరాశ దగ్గరే చాలామంది ఏరడం మానేసి బాస్ మీద పడతారు.

ఈ డీఎల్‌సీకి ముందు వచ్చిన 1.12 అప్‌డేట్‌లో బ్యాగులో కొత్తగా వచ్చిన వస్తువులు చూపించే ట్యాబ్ పెట్టారు, చూడని వస్తువు పక్కన గుర్తు పెట్టారు. అంటే వాడేవాళ్ళ ఇబ్బంది తెలియక కాదు. ముక్కల దగ్గరికొచ్చేసరికి మాత్రం రహస్యం మీది మోజు గెలిచింది.

దీనికి ఒక జవాబుంది. లెక్క చూపిస్తే వెతకడంలోని ఆనందం పోతుంది, ప్రతి మూలా చెక్‌లిస్టు అయిపోతుంది అని. దాన్ని కొట్టిపారెయ్యను. వెతుకులాట ఈ ఆట ప్రాణం, అందులో అది గెలిచిన చోట ఎంత గొప్పగా గెలుస్తుందో షామన్ విలేజ్ చూసినవాళ్ళకు తెలుసు.

అక్కడికి మామూలు దారి లేదు. బానీ విలేజ్ దగ్గర 'ఓ మదర్' అనే జెశ్చర్ (మన పాత్ర చేసే సైగ) దొరుకుతుంది. అదెందుకో చెప్పరు. షాడో కీప్ వెనక వైపున ఒక మరికా విగ్రహం దారికడ్డంగా ఉంటుంది. దాని ముందు ఆ జెశ్చర్ చేస్తే దారి తెరుచుకుంటుంది. లోపల కొండ మీద చిన్న పల్లె, పూలు, ఖాళీ గుడిసెలు. పల్లెలో శత్రువు లేడు. దేవత అయిన మరికా పుట్టి పెరిగిన ఊరది. బానీ విలేజ్‌లో కుండల్లో ఏం నింపారో చూసి వచ్చినవాడికి ఆ ఊరు ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ ఒక చెట్టుబోదె దగ్గర దొరికేది గోల్డెన్ బ్రెయిడ్, మరికా కోసి సమర్పించిన జడ. తాయెత్తుగా కట్టుకుంటే హోలీ (పవిత్ర శక్తి) దెబ్బను అన్నిటికంటే ఎక్కువగా తగ్గిస్తుంది. హోలీ దెబ్బతో మనల్ని తినేసే ఆఖరి బాస్ ముందు ఇంతకంటే పనికొచ్చే తాయెత్తు లేదు. కథ, చోటు, వస్తువు, దాని అవసరం నాలుగూ ఒకే ముడిలో పడ్డాయి. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అధినేత మియాజాకి బృందం ఇలా కట్టగలదు కాబట్టే కుండ మనుషుల మీద నాకు కోపం. వాళ్ళ దగ్గర ముక్క ఎందుకుందో ఏ చోటూ చెప్పదు.

కథా క్వెస్టుల విషయంలో ఒక్క హెచ్చరిక. లెడా, ఆన్స్‌బాక్, మూర్, ఫ్రేయా, థియోలియర్, హార్న్‌సెంట్, వీళ్ళందరితో మొదటి మైదానంలోనూ దారిలోని శిలువల దగ్గరా మాటలన్నీ అయ్యేదాకా మాట్లాడి, ఆ తర్వాతే షాడో కీప్ వైపు వెళ్ళండి. దగ్గరికి వెళ్ళగానే ఎక్కడో ఒక గ్రేట్ రూన్ పగిలిందని తెర మీద పడుతుంది. ఆ క్షణం నుంచి మిక్వెల్లా వేసిన మత్తు వదిలి ఒక్కొక్కరూ ఒక్కో దారి పడతారు, కొన్ని మాటలు మళ్ళీ వినడానికి దొరకవు.

ఖాళీగా మిగిలిన చోట్ల గురించి కూడా చెప్పాలి. సెరూలియన్ కోస్ట్ నీలిపూలతో చూడ్డానికి బాగుంటుంది, రెండోసారి వెళ్ళాలనిపించదు. ఫింగర్ రూయిన్స్ కూడా అంతే, ఆ వేళ్ళ మధ్య నడుస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది, కానీ గంట మోగించడం తప్ప చేసే పనేమీ ఉండదు. అబిసల్ వుడ్స్‌లో గుర్రం రాదు, మీదికొచ్చే ముసలి భూతాలను ప్యారీ చేస్తే (దెబ్బను సరైన క్షణంలో తిప్పికొడితే) తప్ప కొట్టలేం, అడవేమో పెద్దది, దొరికే సరుకు గొర్రెతోక. చివర మిడ్రా ఇల్లు, మిడ్రా ఫైట్ లేకపోతే ఆ అడవిని ఎవరూ క్షమించరు. ఫర్నేస్ గోలెమ్‌లు దీనికి వ్యతిరేకం. దూరం నుంచి నడిచే కుంపట్లలా కనపడతాయి, తిరిగినంతసేపూ భయపెడతాయి, చంపితే చాలావరకు ఫిజిక్‌లో కలుపుకునే క్రిస్టల్ టియర్లు ఇస్తాయి. కాళ్ళకు కవచం లేనివాటిని కాళ్ళు కొట్టి కూలదోయొచ్చు. కవచం ఉన్నవాటిని కత్తితో కొడుతూ కూర్చోకండి, ఎత్తైన చోటెక్కి వాటి నెత్తిమీది గంపలోకి హెఫ్టీ ఫర్నేస్ పాట్ విసరాలి.

ఇక ఎనిర్-ఇలిమ్, ఆఖరి బాస్. ప్రామిస్డ్ కాన్సార్ట్ రాడాన్. ఇక్కడ మాత్రం నా వాదానికే గండిపడింది, ఒప్పుకోవాలి. ఇరవై స్థాయిలూ ఎక్కి వెళ్ళినా ఆ రెండో దశ న్యాయంగా లేదు. కత్తి ఊపిన ప్రతిసారీ దాని వెనక నుంచి వెలుగు స్తంభాలు పడటం, ఆ వెలుగులో తర్వాతి దెబ్బ కనపడకపోవడం, ఒక వరసలో కుడి ఎడమ దెబ్బలు మనిషి దొర్లగలిగిన వేగానికి అందకపోవడం. ఇది ఏరుకోవడంతో తీరే కష్టం కాదు. 2024 సెప్టెంబరులో 1.14లో కంపెనీయే దీన్ని సరిచేసింది. ఫైట్ మొదలయ్యే కదలిక మార్చారు, కొన్ని దెబ్బల బలం తగ్గించారు, ఆ కుడి ఎడమ దెబ్బల సమయం సర్దారు, వెలుగులు కళ్ళు కప్పకుండా చేశారు. ఇప్పుడు ఆడేవాళ్ళు ఎదుర్కొనేది ఆ సర్దిన రాడాన్‌నే. మొదటి మూడు నెలల్లో అతన్ని దొర్లుతూ ఓడించినవాళ్ళకు నిజంగా దండం పెట్టాలి.

సర్దిన తర్వాత కూడా దొర్లడం రానివాళ్ళకు నమ్మకమైన దారి పెద్ద డాలు. ఫిజికల్ దెబ్బను నూటికి నూరు ఆపే, గార్డ్ బూస్ట్ (దెబ్బను తట్టుకునే బలం) ఎక్కువున్న గ్రేట్‌షీల్డ్ కావాలి, ఫింగర్‌ప్రింట్ స్టోన్ షీల్డ్ దీనికి పెట్టింది పేరు. కుడి చేతిలో డాలు దించకుండానే పొడిచే రేపియరో బల్లెమో, దాని మీద రక్తస్రావమో స్కార్లెట్ రాటో ఉండాలి. డాలు దెబ్బను ఆపుతుంది గాని హోలీ కొంత లోపలికి కారుతుంది, అక్కడ గోల్డెన్ బ్రెయిడ్ పని చేస్తుంది. ఇందులో జనం చేసే తప్పు అత్యాశ. ఒక పోటు, కాసేపు డాలు, స్టామినా నిండాక మళ్ళీ ఒక పోటు. నాలుగు పోట్లు వరసగా పొడిస్తే స్టామినా సున్నాకు పడి, తర్వాతి దెబ్బకు డాలు పక్కకు తెరుచుకుని, అంతటితో సరి. డాలు పిరికితనం అనేవాళ్ళకు ఈ డీఎల్‌సీయే ఒక మధ్యేమార్గం ఇచ్చింది, డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్. ఫిజిక్‌లో కలుపుకుని తాగితే ఐదు నిమిషాలపాటు, దెబ్బ తగిలే క్షణానికి ముందు గార్డ్ నొక్కితే దెబ్బ దాదాపు పూర్తిగా ఆగిపోయి ఎదురుదెబ్బ బలం పెరుగుతుంది. దొర్లడమే ఆట అనుకున్నవాళ్ళకు ఇది వేరే ఆటలా అనిపిస్తుంది. ఈ ఒక్క చుక్క మందు చుట్టూ ఇంకో ఆట కట్టొచ్చు, నిజానికి.

2024 గేమ్ అవార్డ్స్‌లో ఈ డీఎల్‌సీ గేమ్ ఆఫ్ ది ఇయర్‌కి నామినేట్ అయినప్పుడు, అనుబంధానికి అసలు ఆటతో పోటీ ఏమిటని రచ్చ జరిగింది. గెలిచింది ఆస్ట్రో బాట్. ఆ రచ్చలో నాకు వింతగా తోచింది ఒకటే. 2016లో అదే వేదిక మీద విచర్ 3 'బ్లడ్ అండ్ వైన్' బెస్ట్ ఆర్పీజీ తీసుకుంటే ఇంత గోల లేదు. బ్లడ్ అండ్ వైన్ పాత నిచ్చెన మీదే కొత్త మెట్లు వేసింది, దాని హీరో గెరాల్ట్ ఎంత బలంగా వచ్చాడో అంత బలంగానే కొత్త ప్రాంతం టూసాన్‌లో తిరిగాడు. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అలా ఒప్పుకోలేదు. పాత బలాన్ని గుమ్మం బయట విడిచి రమ్మంది. అందుకే దీన్ని అనుబంధం అనడానికి నాకు నోరు రాదు, అందుకే దీని మీద వచ్చినంత కోపం దాని మీద రాలేదు కూడా.

మిగిలిపోయిన ముడి ఒకటుంది. న్యూ గేమ్ ప్లస్‌లోకి (అదే పాత్రతో ఆటను మళ్ళీ మొదటి నుంచి ఆడటానికి) వెళ్ళినప్పుడు బ్లెస్సింగ్ మనతోనే వస్తుంది. ఇరవై మెట్లూ ముందే ఎక్కేసి గ్రేవ్‌సైట్ ప్లెయిన్‌లో దిగుతాం, శత్రువులు బలపడతారు గాని కుండ మనిషి దగ్గరికి వెళ్ళాల్సిన పని ఉండదు, శిలువలు దారిపక్క బొమ్మలైపోతాయి. ఆ ఏరుకునే ఆటను మళ్ళీ ఆడాలనిపిస్తే కొత్త పాత్ర మొదలుపెట్టడమే. ఆ పాత్రను రోజ్ చర్చి దాకా నడిపించి, గుడ్డ తడిపించి, మోగ్ మూడు అంకెలూ లెక్కపెట్టేదాకా ఫిజిక్ తాగకుండా ఆపుకోవాలి.